మే నెలలో సెనెగల్ సాలీ బీచ్‌కి ఫ్యామిలీ ట్రిప్, అమ్మని కూడా తీసుకెళ్లొచ్చా?

మియాపూర్ అమ్మాయి:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా తమ్ముడు సెనెగల్‌లో జాబ్ చేస్తున్నాడు, డకార్‌లో ఉంటాడు. వాడికి ఇప్పట్లో ఇండియా రావడానికి లీవ్ దొరికేలా లేదు, అమ్మేమో వాడిని చూడాలి చూడాలి అని రోజూ అడుగుతోంది, సరే మనమే వెళ్దాం, పాపకి ఎండాకాలం సెలవులు ఎలాగూ ఉన్నాయి కదా అని ఈ 2026 మే నెలకి అనుకున్నాం. డకార్‌లో వాడు ఉండేది చిన్న ఫ్లాట్, అందరం పట్టం, అందుకని వాడే చెప్పాడు సాలీ అని బీచ్ ఊరు ఉంది, అక్కడ దిగండి, నేను వీకెండ్‌కి ముందూ వెనకా లీవ్ కలుపుకుని వచ్చేస్తా అని. కానీ వాడు ఒంటరి మనిషి, ఏదడిగినా "ఏం కాదక్కా వచ్చేయండి" అంటాడు తప్ప పిల్లలు పెద్దవాళ్లు ఉన్నప్పుడు ఏం చూసుకోవాలో వాడికి తెలీదు.

వెళ్లేది నేను, మా ఆయన, పాప (7 ఏళ్లు), అమ్మ (63). అమ్మకి బీపీ ఉంది, టాబ్లెట్ వేసుకుంటుంది, మిగతా అంతా బాగానే ఉంటుంది, నడుస్తుంది. కానీ ప్యూర్ వెజ్, గుడ్డు కూడా తినదు. సముద్రం అంటే మాత్రం చాలా ఇష్టం, సూర్యలంక వెళ్లినా వైజాగ్ వెళ్లినా నీళ్లలోంచి బయటికి రాదు.

నా డౌట్లు ఇవి: అసలు మే నెల అక్కడ మంచిదేనా? రిసార్ట్ తీసుకోవాలా, ఇల్లు అద్దెకి తీసుకోవాలా? ఎల్లో ఫీవర్ టీకా అందరికీ కంపల్సరీ అంటున్నారు, 60 దాటినవాళ్లకి వేయరు అని ఇంకొకరు అంటున్నారు, ఏది నిజం? అమ్మ ఏం తింటుంది అక్కడ? చుట్టాల్లో అందరూ "ఆఫ్రికాకా, ముసలావిడని తీసుకుని, మతి ఉందా" అని భయపెడుతున్నారు, నిజంగా అక్కడ ఉన్నవాళ్లు, వెళ్లొచ్చినవాళ్లు చెప్తే ధైర్యంగా ఉంటుంది.

డకార్ రిటర్న్:

అక్కా, నేను డకార్ల కొన్నేండ్లు పని చేసి మొన్ననే హైదరాబాద్ వచ్చిన, ఇప్పుడు టోలిచౌకిల ఉంటున్న. సాలీకి ఫ్యామిలీతోని చాలాసార్లు పోయినం. మీ చుట్టాల మాటలు పక్కన పెట్టుండ్రి, సెనెగల్ మస్తు మర్యాదస్తుల దేశం. పెద్దమనిషి కనపడితే కుర్సీ ఇచ్చి కూసోబెట్టినంక మాట్లాడతరు. మన అమ్మగారి లెక్క పెద్దోళ్లతోని పోతే ఇంకా ఎక్కువ మర్యాద దొరుకుతది, అది నా కండ్లతోని చూసిన.

ముందుగాల నెల సంగతి. అక్కడ వానలు జులై నుంచి అక్టోబర్ దాకా, మిగిలిందంత ఎండాకాలమే కానీ మన ఎండ కాదు. జనవరి, ఫిబ్రవరిల సముద్రం చల్లగుంటది, పొద్దుగూకినంక స్వెట్టర్ కావాలె, సహారా నుంచి హర్మటాన్ గాలొచ్చి దుమ్ము లేస్తది. మేల ఆ దుమ్ము తగ్గుతది, వాన ఇంకా మొదలుకాదు, సముద్రం గాలి కొడ్తనే ఉంటది, మియాపూర్‌ల 42 కాలుతుంటే అక్కడ హాయిగుంటది. కానీ అక్కా, మే ఆఖరి వారం మాత్రం పెట్టుకోకుండ్రి. ఎందుకంటే ఈ యేడు బక్రీద్ మే 27 అటూఇటూ వస్తున్నది, దాన్ని వాళ్లు తబస్కి అంటరు, దేశానికంతటికీ పెద్ద పండుగ, డకార్ మొత్తం ఖాళీ అయ్యి ఊర్లకు పోతది, రోడ్లు జామ్, దుకాణాలు బంద్, డ్రైవర్లు దొరకరు. దానికి ఒక్క రెండు రోజుల ముందు, అంటే మే 25 సోమవారం నాడు సాలీ పక్కన పోపెంగిన్ అనే ఊర్ల క్రైస్తవుల పెద్ద యాత్ర ఉంటది, డకార్ నుంచి వేల మంది నడుచుకుంట వస్తరు. చూడనీకి మంచిగుంటది గానీ చిన్నపిల్లతోని ఆ ట్రాఫిక్‌ల ఇరుక్కుంటే కష్టం. ఏప్రిల్ ఆఖరున బయల్దేరి మే మొదటి వారం చేస్కోండ్రి. పోనీ నవంబర్‌కు జరుపుదం అనుకున్నా అక్టోబర్ 31 నుంచి నవంబర్ 13 దాకా యూత్ ఒలింపిక్స్ ఉన్నయి, ఆఫ్రికా గడ్డ మీద మొదటి ఒలింపిక్ పోటీలు అవే, డకార్‌తో పాటు సాలీల కూడా ఆటలున్నయి, రూములు దొరకుడు కష్టమైతది.

ఫ్లైట్‌కు శంషాబాద్ నుంచి దుబాయ్, దుబాయ్ నుంచి డకార్ ఎమిరేట్స్‌ల పోవచ్చు. లేకుంటే ఇథియోపియన్‌ల అడిస్ అబాబా మీద నుంచి పోవచ్చు. యూరప్ మీద నుంచి టికెట్ సస్తా కనపడితే ఎగబడకుండ్రి, మన పాస్‌పోర్ట్‌కు ట్రాన్సిట్ వీసా లొల్లి ఉంటది, ముందు అది చూస్కోవాలె. సెనెగల్ వీసా సంగతి ఏజెంట్ మాట నమ్మకుండ్రి, ఢిల్లీల వాళ్ల ఎంబసీ ఉంది, మెయిల్ పెట్టి వాళ్ల జవాబు ప్రింట్ తీస్కోండ్రి, తమ్ముని రెసిడెన్స్ కార్డు కాపీ, ఆయన రాసిన ఇన్విటేషన్ లెటర్ కూడా పెట్టుకోండ్రి.

ఇంకొక మంచి ముచ్చట ఏందంటే కొత్త ఎయిర్‌పోర్ట్ బ్లేజ్ డియాన్ 2017 డిసెంబర్‌ల తెరిచిండ్రు, అది డకార్ ఊర్ల లేదు, డియాస్ అనే ఊరి దగ్గరుంది, అంటే డకార్ కంటె సాలీకే దగ్గర. టోల్ రోడ్డు మీద ఎయిర్‌పోర్ట్ నుంచి సాలీ ముప్పావు గంట. దిగంగనే డకార్ పోయి మళ్ల వెనక్కి రాకుండ్రి, సీదా సాలీ పోండ్రి, డకార్ ఆఖరున చూస్కోవచ్చు. తమ్మున్నే బండి మాట్లాడి పంపమనుండ్రి. అక్కడ టాక్సీలకు మీటర్ ఉండదు, ఎక్కకముందే రేటు ఖాయం చేస్కోవాలె.

పైసల సంగతి. అక్కడ సీఎఫ్ఏ ఫ్రాంక్ నడుస్తది, అది యూరోకు కట్టేసి ఉంటది, ఒక యూరోకు 655.957 ఫ్రాంకులు, ఎప్పుడూ మారదు. గందుకే డాలర్లు కాదు, యూరోలు తీస్కపోండ్రి. వెయ్యి ఫ్రాంకులంటే మన నూటయాభై పైన లెక్క. పదివేల నోటు కంటె పెద్దది లేదు, దానికే చిల్లర దొరకదు, పెట్రోల్ బంకుల, సూపర్ మార్కెట్‌ల విడిపించుకొని పెట్టుకోండ్రి. వేవ్, ఆరెంజ్ మనీ అని ఫోన్‌ల పైసలు పంపుడు మన ఫోన్‌పే లెక్కనే నడుస్తది, తమ్ముడు ఉన్నడు కాబట్టి ఆయన ఫోన్ నుంచే కట్టొచ్చు.

ఇల్లా రిసార్టా అంటే నేనైతే ఇల్లే అంట. సాలీల వంటిల్లు, చిన్న ఈత కొలను ఉన్న ఇండ్లు అద్దెకు మస్తు దొరుకుతయి, ఫ్రెంచోళ్లు చలికాలం వచ్చి ఉండిపోతరు, మేల వాళ్లు వాపస్ పోతరు, కిరాయి తగ్గుతది. అమ్మగారి పప్పన్నం మీరే వండుకోవచ్చు. సాలీ పక్కనే న్గపరు, దాని తర్వాత సొమోన్, ఇవి కొంచెం నిమ్మళంగ ఉంటయి. సాలీ నడిబొడ్డుల రాత్రి బార్ల చప్పుడు ఎక్కువ, ఆ గల్లీలు ఫ్యామిలీకి వద్దు.

నల్లకుంట డాక్టర్:

మియాపూర్ అమ్మాయి గారూ, టికెట్లు ఇంకా బుక్ చేయకపోతే నా మాట విని ఆగండి, టీకా సంగతి తేలాకే బుక్ చేయండి. చాలామంది టికెట్లు కొనేసి ఆఖరి వారంలో పరిగెత్తుకుంటూ వస్తారు.

సెనెగల్ ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల లిస్టులో ఉంది. అక్కడ దిగేటప్పుడు అడిగినా అడక్కపోయినా, మన దేశంలోకి తిరిగి వచ్చేటప్పుడు మాత్రం గట్టిగా చూస్తారు. ఎందుకంటే మన దగ్గర ఆ వైరస్ లేదు కానీ దాన్ని మోసే ఈడిస్ దోమ ప్రతి వీధిలో ఉంది, డెంగ్యూ ఇచ్చేది అదే కదా. ఒక్క మనిషి రక్తంలో వచ్చినా చాలు, ఊరంతా అంటుకుంటుంది. అందుకే సర్టిఫికెట్ లేకుండా వస్తే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. అడిస్ అబాబా మీదుగా వెళ్లినా అంతే, ఇథియోపియా కూడా లిస్టులోనే ఉంది. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఇది గుర్తుపెట్టుకోండి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చాలు, 2016 నుంచి అంతర్జాతీయంగా అదే రూలు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ఒరిజినల్ పాస్‌పోర్ట్ తీసుకెళ్లాలి, ఏ రోజుల్లో వేస్తారో ముందే కనుక్కుని వెళ్లండి, ఎందుకంటే ఒక వయల్ తెరిస్తే చాలామందికి వేసేయాలి, అందుకని రోజూ ఉండదు. రోడ్డు మీద ఎవరో "కార్డు ఇప్పిస్తా, సూది అక్కర్లేదు" అంటారు, ఆ దారిలోకి అస్సలు వెళ్లకండి, అది మీ పాప ప్రాణంతో ఆట.

పాపకి ఏడేళ్లు, గుడ్డు అలర్జీ లేకపోతే వేయొచ్చు. ఈ టీకాని కోడిగుడ్డు పిండంలో తయారు చేస్తారు, అందుకే అలర్జీ అడుగుతారు. అమ్మగారు గుడ్డు తినరు కాబట్టి ఆ సంగతి ఆవిడకి ముందే చెప్పండి, దాచి వేయించొద్దు. ఆవిడ కాదంటే కాదనే.

ఇక 63 ఏళ్ల సంగతి. "60 దాటితే వేయరు" అన్నది పూర్తిగా నిజం కాదు, "60 దాటితే ఆలోచించి వేస్తారు" అన్నది నిజం. ఇది బతికున్న వైరస్‌ని బలహీనపరిచి చేసిన టీకా. మొదటిసారి వేయించుకునే పెద్దవాళ్లలో చాలా అరుదుగా ఆ వైరస్ లివర్, కిడ్నీల దాకా పోయి ప్రమాదం అవుతుంది, చిన్నవాళ్లతో పోలిస్తే ఈ వయసులో ఆ రిస్క్ ఎక్కువ. బీపీ ఒక్కటే అయితే అడ్డు కాదు. కానీ థైమస్ గ్రంథి జబ్బు, క్యాన్సర్ మందులు, స్టెరాయిడ్లు, ఇమ్యూనిటీ తగ్గించే మందులు ఇలాంటివి ఏవైనా ఉంటే వేయకూడదు. అందుకని అమ్మగారి పాత రిపోర్టులు, వాడే మందుల చీటీ అన్నీ పట్టుకుని మంచి ఫిజీషియన్ దగ్గర కూర్చుని మాట్లాడండి. ఆయన వద్దంటే ఎక్జెంప్షన్ లెటర్ ఇస్తారు, కానీ ఆ లెటర్ ఉన్నా తిరిగొచ్చేటప్పుడు క్వారంటైన్ తప్పకపోవచ్చు, శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ హెల్త్ ఆఫీస్‌ని ముందే అడిగి పెట్టుకోండి.

మలేరియా గురించి మీరు అడగలేదు, అదే నాకు ఎక్కువ భయం. ఎల్లో ఫీవర్ కార్డు ఉంటే అన్నీ అయిపోయాయి అనుకుంటారు. అక్కడ ఉండేది ఎక్కువగా ఫాల్సిపరం అనే ప్రమాదకరమైన మలేరియా రకం, క్లోరోక్విన్ అనే పాత మలేరియా మందు పని చేయదు. మే మొదటి వారం వానలకి ముందు కాబట్టి దోమలు తక్కువ, తీరం వైపు రిస్క్ కూడా తక్కువ, అయినా సున్నా కాదు. అటోవాకోన్-ప్రోగ్వానిల్ టాబ్లెట్ బయల్దేరే ముందు రోజు నుంచి, అక్కడ ఉన్నన్నాళ్లు రోజూ, వచ్చాక ఏడు రోజులు వేసుకోవాలి, పాపకి బరువుని బట్టి డోసు. డాక్సీసైక్లిన్ చవక అని మెడికల్ షాపులో ఇచ్చేస్తారు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి ఇవ్వకూడదు, మీ పాపకి అది వద్దు. వచ్చాక రెండు మూడు నెలల్లో ఎవరికి జ్వరం వచ్చినా డోలో వేసి చూద్దాం అనుకోకుండా "పశ్చిమ ఆఫ్రికా వెళ్లొచ్చాం" అని డాక్టర్‌కి మొదటి మాటగా చెప్పండి. మా నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కి రొనాల్డ్ రాస్ పేరు పెట్టారు, దోమలో మలేరియా క్రిమిని ఆయన మొదట చూసింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. అలాంటి ఊరి నుంచి వెళ్తూ దోమని తేలిగ్గా తీసుకుంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

మియాపూర్ అమ్మాయి:

డాక్టర్ గారూ, చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. టికెట్లు ఇంకా కొనలేదు, ముందు అమ్మని డాక్టర్‌కి చూపిస్తాం. డకార్ రిటర్న్ అన్నా, బక్రీద్ సంగతి మా తమ్ముడు చెప్పనే లేదు, మేము కరెక్ట్‌గా మే 22 నుంచి అనుకుంటున్నాం, బతికించావు.

అమ్మ తిండి గురించి ఎవరైనా వెజ్ వాళ్లు ఉంటే చెప్పండి. ఇంకోటి, గోరీ దీవి అని బానిసల్ని పంపిన చోటు ఉందట కదా, పాపని తీసుకెళ్లొచ్చా, భయపడుతుందా?

పప్పన్నం:

నేను ప్యూర్ వెజ్ అండి, మా వారి ఉద్యోగం మీద డకార్‌లో ఉన్నాం, అక్కడ నేను ఆకలితో ఏ రోజూ పడుకోలేదు, అమ్మగారికి చెప్పండి.

కాకపోతే ఒకటి బాగా తెలుసుకుని వెళ్లాలి. అక్కడ కూరగాయల కూర అని ఇచ్చినా దాంట్లో చేప ఉండొచ్చు. గెజ్ అని ఎండుచేప, యెత్ అని పులియబెట్టిన సముద్రపు నత్త, ఇవి రుచి కోసం చిన్న ముక్క వేస్తారు, కంటికి కనిపించవు. మసాలా క్యూబులు (సూప్ క్యూబులు) కూడా ప్రతి దాంట్లో పడతాయి, వాటిలో మాంసం సారం ఉండొచ్చు. "మాంసం వద్దు" అంటే చేప పెడతారు, అది వాళ్ల తప్పు కాదు, అక్కడ చేప లేని భోజనం అంటే అతిథికి తక్కువ చేసినట్టు. అందుకని మాంసం వద్దు, చేప వద్దు, కోడి వద్దు, క్యూబ్ వద్దు అని నాలుగూ విడివిడిగా ఫ్రెంచ్‌లో ఒక కార్డు మీద తమ్ముడితో రాయించుకుని అమ్మగారి పర్సులో పెట్టండి.

వాళ్ల జాతీయ వంటకం చెబుజెన్, చేపా అన్నం కలిపి చేస్తారు, యునెస్కో 2021లో వారసత్వ జాబితాలో పెట్టింది. అది అమ్మగారు తినలేరు కానీ ఒక సంగతి వినండి, అది నూకలతో వండుతారు. మనం ఉప్మాకి, జావకి వాడే నూకలే. అక్కడ బియ్యం కంటే నూకలకే గిరాకీ, అవి చాలా వరకు మన దేశం నుంచే వెళ్తాయి, 2022 సెప్టెంబర్‌లో మన ప్రభుత్వం నూకల ఎగుమతి ఆపేసినప్పుడు అక్కడి ఇళ్లలో కంగారు పడ్డారు. అంటే బజార్లో ఏ సంచి విప్పినా మనకి తెలిసిన బియ్యమే, అమ్మగారికి అన్నం కొత్తగా అనిపించదు.

ఇక గోంగూర! బిస్సాప్ అని ఎర్రగా జ్యూస్ అమ్ముతారు ప్రతి చోటా, అది ఎర్ర గోంగూర కాయ చుట్టూ ఉండే ఎర్ర రేకలతో చేసిందే, అదే మొక్క. ఆకులు కూడా బజార్లో కట్టలు కట్టి అమ్ముతారు, వాళ్లు ఉడికించి మెత్తగా చేసి అన్నంలో పక్కన పెట్టుకుంటారు. నేను సాలీ పక్కనే ఉన్న మ్బూర్ ఊరి మార్కెట్లో ఆ ఆకు చూసిన రోజు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను, ఇంటికి తెచ్చి ఎండుమిర్చి వెల్లుల్లి వేసి పచ్చడి నూరాను, పక్కింటి సెనెగల్ ఆవిడ రుచి చూసి గిన్నె పట్టుకెళ్లిపోయింది. పల్లీలు కూడా దండిగా దొరుకుతాయి, సెనెగల్ వేరుశనగ దేశమే. పొద్దున పూట రోడ్డు పక్కన ఆడవాళ్లు అక్కరా అని వేస్తారు, అవి అలసందల పిండితో చేసిన వడలు, పక్కన ఇచ్చే టమాటా ఉల్లిపాయ సాస్ మాత్రం అడిగి తినండి. అదే నూనెలో చేప కూరిన ఫతాయా వేస్తున్నారేమో కూడా చూడండి. సజ్జల రవ్వ ఉడికించి తియ్యటి పెరుగులో కలిపి తియాక్రీ అని అమ్ముతారు, పాపకి చాలా నచ్చుతుంది. లెబనాన్ వాళ్లు అక్కడ తరాలుగా ఉన్నారు, వాళ్ల హోటళ్లలో శనగలతో చేసే ఫలాఫెల్ వడలు, హమ్మస్ అనే ముద్ద, రొట్టె దొరుకుతాయి, పూటకి ఇబ్బంది ఉండదు. నీళ్లు మాత్రం సీసావే తాగండి.

పెట్టెలో కందిపప్పు, ఇంగువ, చింతపండు, కారం, చిన్న కుక్కర్, ఇవి చాలు. పచ్చళ్లు నూనె కారకుండా గట్టిగా సీల్ చేయించుకోండి. వంటిల్లు ఉన్న ఇల్లే తీసుకోండి, ఆ అన్నయ్య చెప్పింది కరెక్ట్.

బ్యాగు సర్దుడు:

నేను కొంచెం తేడాగా చెప్తా, ఏమనుకోకండి. నేను ట్రావెల్ పనిలోనే ఉంటాను, సాలీకి మనవాళ్లని పంపించాను, నేనూ వెళ్లాను. మొదటి మూడు రాత్రులు బీచ్ మీదున్న హోటల్లో ఉండండి, తర్వాత ఇంటికి మారండి. ఎందుకంటే మీ అమ్మగారికి కావాల్సింది సముద్రం. అద్దె ఇళ్లు చాలా వరకు బీచ్ నుంచి లోపలికి ఉంటాయి, రోజూ చిన్నపిల్లతో పెద్దావిడతో నడిచి వెళ్లి రావడం ఎండలో కష్టం, హోటల్లో అయితే గది ముందే నీళ్లు, గార్డ్ ఉంటాడు, అమ్మేవాళ్లు వెంటపడరు. ప్రయాణం బడలిక తీరాక ఇల్లు, వంట, తిరగడం.

కానీ బుక్ చేసే ముందు ఆ హోటల్ ముందు ఇప్పుడు ఇసుక ఉందా లేదా అని అడిగి తీరాలి, పాత ఫోటోలు నమ్మొద్దు. సాలీని 1980ల్లో ప్రభుత్వమే టూరిజం కోసం కట్టించింది, తర్వాత సముద్రం బీచ్‌ని కోసుకుంటూ పోయింది, కొన్ని హోటళ్ల గోడల దాకా వచ్చేసింది. ప్రపంచ బ్యాంక్ డబ్బుతో రాళ్ల కట్టలు వేసి ఇసుక నింపారు, చాలా చోట్ల బీచ్ తిరిగొచ్చింది, అన్ని చోట్లా ఒకేలా లేదు. ఆ కట్టల వెనక నీళ్లు నెమ్మదిగా ఉంటాయి, పాపకి అమ్మగారికి అదే మంచిది. కట్టలు దాటి ఈత వద్దు, రాళ్ల మీద ఎక్కొద్దు, నాచు జారుతుంది.

చూడాల్సిన వాటిలో పాప కోసం బాందియా. సాలీకి దగ్గర్లో అడవి, జిరాఫీలు, తెల్ల ఖడ్గమృగాలు, అడవి దున్నలు, జింకలు, గైడ్‌తో బండిలో తిరగాలి. చాలా జంతువుల్ని దక్షిణాఫ్రికా నుంచి తెచ్చి పెంచారు, అది తెలిసినా జిరాఫీ బండి పక్కన నిలబడితే పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. పొద్దున్నే వెళ్లండి. అక్కడ ఒక పెద్ద బావోబాబ్ చెట్టు తొర్రలో పాత రోజుల్లో గ్రియోలని పెట్టేవారు. గ్రియోలు అంటే వంశ చరిత్రలు పాడేవాళ్లు, వాళ్లని భూమిలో పూడిస్తే పంటలు పండవని నమ్మేవారట. పుర్రెలు ఇంకా కనిపిస్తాయి, పాపకి చూపించాలా వద్దా మీరే చూసుకోండి.

అమ్మగారికి ఫాదియూత్ దీవి. జోయల్ ఊరి చివర చెక్క వంతెన దాటి నడిచి వెళ్లాలి, దీవి మొత్తం గవ్వలే, శతాబ్దాలుగా తిని పడేసిన గవ్వలు దిబ్బలుగా పేరుకున్నాయి, నడుస్తుంటే కాళ్ల కింద గలగలలాడతాయి. ముస్లింలే ఎక్కువ ఉన్న దేశంలో ఆ దీవి మీద క్రైస్తవులు ఎక్కువ, స్మశానం మాత్రం ఇద్దరికీ ఒకటే, ఒకే దిబ్బ మీద శిలువలూ సమాధులూ పక్కపక్కన. దేశం మొదటి అధ్యక్షుడు, కవి సెంఘోర్ పుట్టింది జోయల్‌లోనే, 1906లో. గట్టి చెప్పులు వేయించండి, చెప్పుల్లేకుండా నడవలేరు.

గోరీ గురించి అడిగారు. తీసుకెళ్లండి. డకార్ రేవు నుంచి ఫెర్రీలో ఇరవై నిమిషాలు, కార్లు లేని దీవి, రంగురంగుల గోడలు, పూల తీగలు, చాలా అందంగా ఉంటుంది, ఆ అందం మధ్యలోనే 1776లో కట్టిన బానిసల ఇల్లు ఉంది. కింద గదులు చీకటిగా ఇరుగ్గా ఉంటాయి, చివర సముద్రం వైపు తెరుచుకునే తలుపు, తిరిగిరాని తలుపు అంటారు. ఆ ఒక్క ఇంటి నుంచి ఎంతమంది వెళ్లారు అన్నది చరిత్రకారులు వాదించుకుంటూనే ఉన్నారు, కానీ ఆ తీరం మొత్తం నుంచి మనుషుల్ని అమ్మిన మాట వాస్తవం. ఏడేళ్ల పిల్లకి "మనుషుల్ని వాళ్ల ఇష్టం లేకుండా ఇక్కడి నుంచి ఓడల్లో తీసుకుపోయారు" అని నిజం చెప్తే అర్థం చేసుకుంటుంది. వెళ్లే ముందు రాత్రే చెప్పండి, అక్కడికెళ్లాక గైడ్ నోటి నుంచి మొదటిసారి విననివ్వకండి.

లాక్ రోజ్ అనే గులాబీ రంగు సరస్సుని (పింక్ లేక్) కూడా ప్యాకేజీలో కలిపి అమ్ముతారు. 2022 వరద నీళ్లు చేరి ఆ గులాబీ రంగు పోయింది, ఇప్పుడు ఎలా ఉందో తమ్ముడిని ముందు చూసి ఫోటో పంపమనండి, తర్వాతే డబ్బు కట్టండి.

సాయంత్రం ఒకసారి మ్బూర్ చేపల రేవుకి వెళ్లండి, అమ్మగారికి వాసన పడకపోతే దూరం నుంచైనా. రంగులేసిన పొడుగాటి పడవలు వరసగా వస్తుంటే ఊరంతా నీళ్లలోకి దిగుతుంది. ఫోటో తీసే ముందు అడగండి. ఆ పడవల్లోనే వాళ్ల కుర్రాళ్లు కానరీ దీవులకి బయల్దేరి సముద్రంలో పోతున్నారు, 2024 సెప్టెంబర్‌లో మ్బూర్ దగ్గరే పడవ మునిగి చాలామంది చనిపోయారు. విదేశీ ట్రాలర్లు వచ్చాక చేప తగ్గింది, వేటనే నమ్ముకున్న ఊళ్లు అవి. మనం సెలవు మీద వెళ్లే బీచ్ వాళ్లకి బతుకు, అది తెలిసి వెళ్తే బేరం ఆడేటప్పుడు చివరి వంద ఫ్రాంకుల కోసం పట్టు పట్టబుద్ధి కాదు.

డకార్ రిటర్న్:

హోటల్ ముందు, ఇల్లు తర్వాత అన్నది మంచి ఆలోచనే అన్నా, నేను ఒప్పుకుంట. అమ్మగారు ఉన్నప్పుడు అదే కరెక్ట్.

ఒక్కటే కలుపుత. బీచ్ మీద కుర్రోళ్లు దోస్తులైతరు, పేరు అడుగుతరు, "ఇండియా! షారూఖ్!" అంటరు, హిందీ సినిమాలంటే అక్కడ పాత తరానికి ప్రాణం, ఆ ప్రేమ నిజమే. ఆ తర్వాత చేతికి గొలుసు కట్టి గిఫ్ట్ అంటరు, కట్టించుకుంటే పైసలు అడుగుతరు. నవ్వుకుంట "జెరెజెఫ్" (వాళ్ల వోలోఫ్ భాషల థాంక్స్) అని చెప్పి నడుచుడే, కోపం చేయొద్దు. ఎవరింటికి పోయినా, ఏ దుకాణం ఎక్కినా ముందు "సలాం అలేకుం" అని, మంచిగున్నరా అని అడిగినంకనే పని మాట ఎత్తుండ్రి. అట్ల చేస్తే రేటు కూడ దానంతట అదే దిగుతది.

మియాపూర్ అమ్మాయి:

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. అమ్మకి గోంగూర సంగతి, అలసంద వడల సంగతి చదివి వినిపించాను, అప్పుడే లిస్టు రాయడం మొదలుపెట్టింది, నేను మాత్రం డాక్టర్ ఓకే అంటేనే అని చెప్పాను. గుడ్డు సంగతి కూడా చెప్పాను, కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మందు కదా, పర్లేదు, పిల్లాణ్ణి చూడాలి" అంది. సోమవారం ఫిజీషియన్ దగ్గరికి వెళ్తున్నాం, రిపోర్టులన్నీ తీసి పెట్టాను. ఒకవేళ ఆయన వద్దంటే అమ్మని తీసుకెళ్లం, తమ్ముడినే దసరాకి ఎలాగైనా రప్పిస్తాం, ఈ విషయంలో రిస్క్ తీసుకోను.

ఆయన సరే అంటే ఏప్రిల్ 26 బయల్దేరడం, మూడు రాత్రులు హోటల్, తర్వాత సొమోన్ వైపు ఇల్లు, చివర్లో డకార్. పోపెంగిన్, లాక్ రోజ్ వదిలేస్తున్నాం. అన్నా, ఇల్లు మాట్లాడేటప్పుడు ఓనర్‌ని ఏమేం అడగాలి?

డకార్ రిటర్న్:

కరెంట్ పోతే జనరేటర్ ఉన్నదా, నీళ్ల ట్యాంక్ ఉన్నదా, కిటికీలకు మంచాలకు దోమతెరలు ఉన్నయా, గ్యాస్ సిలిండర్ నిండుగ ఇస్తరా. కరెంట్ బిల్లు కిరాయిల కలిసిందా వేరేనా అన్నది ఖచ్చితంగ అడుగుండ్రి, చాలా ఇండ్లల్ల ఏసీ కరెంట్ వేరే కట్టాలె. కొలను ఉంటే దాని చుట్టూ కంచె ఉన్నదో లేదో వీడియో కాల్‌ల చూపియ్యమనుండ్రి, పాప ఉన్నది కదా. తమ్ముణ్ణి ఒక ఆదివారం పోయి ఇల్లు కండ్లతోని చూసి రమ్మనుండ్రి, అప్పటిదాకా అడ్వాన్స్ పంపకుండ్రి.